అవార్డు పాటకా, పరిచయానికా?

గ్రామీలు (అమెరికా వాళ్ళ పెద్ద సంగీత అవార్డులు) అయిపోయిన మర్నాడు ఎప్పుడూ జరిగే గొడవే ఇది. ఒకళ్ళొచ్చి "అంతా పాపులారిటీ పోటీనేనండీ, ఎవడి పాట ఎక్కువ అమ్ముడుపోతే వాడికే ఇస్తారు, సంగీతం ఎవడిక్కావాలి" అంటారు. ఇంకొకళ్ళు దిగి "ఓట్లేసేది మ్యుజీషియన్లు, నీకేం తెలుసు సంగీతం గురించి" అంటారు. ఇక తెల్లారేదాకా వాదనే. ఈ రెండు పార్టీల్లో దేంట్లోనూ చేరబుద్ధి కాదు నాకు. పాత రిజల్ట్స్ తీసి ముందేసుకుని కూచుంటే రెండు వాదనలూ నిలబడవు మరి.

ముందు పాపులారిటీ వాదన సంగతి చూద్దాం, అందరికీ ఇష్టమైనది అదే కాబట్టి. 2000లో ఎమినెమ్ ఆల్బమ్ 'ద మార్షల్ మాథర్స్ ఎల్‌పీ' ఒక్క అమెరికాలోనే మొదటి వారంలో 17 లక్షల కాపీలు పైన అమ్ముడుపోయింది. 2001 గ్రామీల్లో 'ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్' ఎవరికిచ్చారు? స్టీలీ డాన్‌కి. 20 ఏళ్ళు స్టూడియో ఆల్బమే చెయ్యకుండా ఉండి తిరిగొచ్చిన బ్యాండ్ అది. 2008లో ఎమీ వైన్‌హౌస్ ఉంది, కాన్యే వెస్ట్ ఉన్నాడు, ప్రైజు మాత్రం జోనీ మిచెల్ పాటల్ని జాజ్‌లో వాయించిన హెర్బీ హాంకాక్‌కి వెళ్ళింది. 2011లో కొత్త ఆర్టిస్టు అవార్డుకి జస్టిన్ బీబర్, డ్రేక్ ఇద్దరూ లిస్టులో ఉంటే ఎస్పెరాంజా స్పాల్డింగ్ అనే జాజ్ బేసిస్టు గెలిచింది, బీబర్ ఫ్యాన్స్ కోపం పట్టలేక ఆవిడ వికీపీడియా పేజీ పాడుచేసి పెట్టారు. ఇక 2021 అయితే మరీనూ. అంతకుముందు ఏడాది అమెరికాలో పాటల చార్టులు వేసే బిల్‌బోర్డ్ లెక్కల్లో నంబర్ వన్ పాట ద వీకెండ్ పాడిన 'బ్లైండింగ్ లైట్స్', అతనికి ఆ సంవత్సరం వచ్చిన నామినేషన్లు సున్నా. అమ్మకాల్ని బట్టే ఇచ్చేటట్టయితే ఇవేవీ జరక్కూడదు కదా.

అలాగని ఇది ప్రతిభకి పట్టం కట్టడమా అంటే, అప్పుడు 1989 గురించి మాట్లాడాలి. హార్డ్ రాక్, మెటల్ సంగీతానికి గ్రామీ వాళ్ళు మొదటిసారి అవార్డు పెట్టిన సంవత్సరం. మెటాలికా అదే రాత్రి అదే స్టేజీ మీద వాయించింది, హాల్లో ఉన్న అందరూ వాళ్ళకే అనుకున్నారు. కవరు తెరిస్తే జెత్రో టల్ అని వచ్చింది. ఫ్లూట్ వాయించే బ్యాండండీ అది. మంచి బ్యాండే, వాళ్ళనేం అనట్లేదు, కానీ మెటల్‌కి వాళ్ళకి సంబంధం ఏంటి? ఎలాగూ గెలవం అని వాళ్ళు ఫంక్షన్‌కి కూడా రాలేదు. తర్వాత వాళ్ళ రికార్డు కంపెనీయే ఫ్లూట్ కూడా బరువైన లోహపు వాయిద్యమే అని జోకేస్తూ యాడ్ ఇచ్చింది. మూడేళ్ళకి మెటాలికా గెలిచినప్పుడు డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ మైకు పట్టుకుని ఈ ఏడాది ఆల్బమ్ రిలీజ్ చెయ్యనందుకు జెత్రో టల్‌కి థాంక్స్ చెప్పాడు.

ఇప్పుడు ఆలోచించండి. జెత్రో టల్ గెలవడానికి పాపులారిటీ కారణమా, అంటే అప్పటికి మెటాలికాయే ఎక్కువ ఊపులో ఉంది. గొప్పతనమా అంటే ఆ బ్యాండ్ ఫ్యాన్సే నవ్వుతారు. మరేంటి? 1967 నుంచి ఉన్న బ్యాండ్. ఓటేసేవాళ్ళలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఆ పేరు విన్నారు, కుర్రప్పుడు ఒకటో రెండో రికార్డులు కొనుక్కుని ఉంటారు. బ్యాలెట్ మీద అయిదు పేర్లుంటే, నాలుగు పేర్లు ఎవరివో తెలియకపోతే, తెలిసిన ఆ ఒక్కదాని మీదకి చెయ్యి దానంతటదే పోతుంది. మొహం చూసి బొట్టు పెట్టడం అంటాం చూడండి, అచ్చం అదే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. అవార్డులు కొలిచేది గొప్పతనాన్నీ కాదు, జనాదరణనీ కాదు, ఓటేసేవాళ్ళకి ఉన్న పరిచయాన్ని. ఆ పాట, ఆ గొంతు, ఆ పేరు వాళ్ళ చెవికి ముందే ఎంత అలవాటయ్యాయి అన్నదాన్ని. జనాదరణ ఆ పరిచయానికి ఒక దారి, అంతే. వయసు ఇంకో దారి, పలుకుబడి ఇంకోటి, పదిమందితో కలిసి పనిచేసి ఉండడం ఇంకోటి. అందుకే టేలర్ స్విఫ్ట్ లాంటి బాగా పాపులర్ ఆర్టిస్టు నాలుగుసార్లు ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ గెలిచినా, స్టీలీ డాన్ గెలిచినా లోపల నడిచే లెక్క ఒక్కటే.

గ్రామీ ఓటింగ్ ఎలా జరుగుతుందో చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఓటేసేది రికార్డింగ్ అకాడమీ మెంబర్లు, వేలల్లో ఉంటారు, పాడేవాళ్ళు, రాసేవాళ్ళు, ప్రొడ్యూసర్లు, సౌండ్ ఇంజినీర్లు. అమ్మకాలు, చార్టులు పట్టించుకోకుండా నాణ్యత చూసే ఓటెయ్యండి అని వాళ్ళకి రూల్స్‌లోనే చెప్తారు. ఎవరి రంగంలో వాళ్ళు మాత్రమే ఓటెయ్యాలని, మూడు విభాగాలు దాటకూడదని, పది కేటగిరీలకి మించకూడదని కట్టడి కూడా ఉంది. ఇదంతా బాగానే ఉంది. కానీ జనరల్ ఫీల్డ్ అని ఒకటుంది, మనం టీవీలో చూసి కొట్టుకునే పెద్ద అవార్డులన్నీ అక్కడివే, ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్, సాంగ్ ఆఫ్ ద ఇయర్, రికార్డ్ ఆఫ్ ద ఇయర్ వగైరా. వీటికి అందరూ ఓటెయ్యొచ్చు. సింఫనీలో వయొలిన్ వాయించే ఆయన, కంట్రీ బ్యాండ్‌లో బాంజో వాయించే ఆవిడ, గోస్పెల్ కాయర్ నడిపే పెద్దమనిషి, మెటల్ డ్రమ్మర్ అందరూ కలిసి ఒక ర్యాప్ ఆల్బమ్‌కీ ఒక పాప్ ఆల్బమ్‌కీ మధ్య తీర్పు చెప్పాలి. వీళ్ళందరూ అన్ని ఆల్బమ్‌లూ మొదట్నించి చివరిదాకా వింటారా? వింటారనే నమ్మకం మీద నడుస్తోంది వ్యవహారం.

అలాంటిచోట అందరికీ కాస్తో కూస్తో తెలిసిన మనిషే గెలుస్తాడు. 2005లో రే ఛార్లెస్ చూడండి, అంతకుముందు ఏడాదే పోయాడు, చివరి ఆల్బమ్ మొత్తం వేరేవాళ్ళతో పాడిన డ్యూయెట్లు. గొప్ప గాయకుడు, అందులో అనుమానం లేదు. కానీ అది ఆయన అత్యుత్తమ ఆల్బమ్ అని ఆయన అభిమానులు కూడా అనరనుకుంటా. జాన్ బటీస్ట్ 2022లో గెలిచినప్పుడు బయట జనం ఎవరితను అని వెతుక్కున్నారు, అకాడమీ లోపల మాత్రం జాజ్ వాళ్ళకి తెలుసు, ఆర్ అండ్ బీ వాళ్ళకి తెలుసు, సినిమా సంగీతం చేసేవాళ్ళకి తెలుసు, ఆ ఏడాది 11 నామినేషన్లు వేర్వేరు విభాగాల్లోంచి వచ్చాయి. బయట పాపులర్ కాదు, లోపల పాపులర్.

బియాన్సే కథ దీనికి తిరగేసిన వెర్షన్. గ్రామీల చరిత్రలో అందరికన్నా ఎక్కువ అవార్డులు గెలిచిన మనిషి, ఇప్పటికి 35. కానీ ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ మాత్రం నాలుగుసార్లు చేతిదాకా వచ్చి పోయింది. 2017లో గెలిచిన అడెల్ స్టేజీ మీదే నిలబడి ఇది నాది కాదు, బియాన్సేది అన్నంత పనిచేసింది. సొంత విభాగాల్లో, అంటే ఆ సంగీతం రోజూ వినేవాళ్ళు ఓటేసేచోట, వరసగా గెలుస్తూ వచ్చిన మనిషి అందరూ ఓటేసేచోటకొచ్చేసరికి ఓడిపోతోంది. చివరికి 2025లో వచ్చింది, అదీ కంట్రీ సంగీతం చేసిన ఆల్బమ్‌కి. ఆ ఆల్బమ్ బాలేదని కాదు నేననేది. ఇన్నేళ్ళుగా ఆవిణ్ణి వినని ఓటర్ల వీధిలోకి ఆవిడే నడుచుకుంటూ వెళ్ళింది అంటున్నా. ర్యాప్ అయితే ఇంకా అన్యాయం, ఇన్ని దశాబ్దాల్లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ దక్కిన హిప్ హాప్ ఆల్బమ్‌లు రెండంటే రెండు, 1999లో లారిన్ హిల్, 2004లో అవుట్‌క్యాస్ట్.

అకాడమీ వాళ్ళకి ఇది తెలీదనుకోకండి. 1995లో ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ నామినేషన్లు చూసి అందరూ నవ్వారు, ముగ్గురు ఒపెరా గాయకుల స్టేడియం కచేరీ రికార్డు కూడా అందులో ఉంది, గెలిచింది టోనీ బెనెట్. దాంతో ఒక కమిటీ పెట్టారు. మెంబర్ల ఓట్లలో పైన వచ్చినవన్నీ ఒక చిన్న గుంపు కూచుని విని, ఫైనల్ లిస్టు తీసేట్టు. ఐడియా మంచిదే, కనీసం ఎవరో ఒకరు కూచుని వింటున్నారు. కానీ ఆ గుంపులో ఎవరున్నారో ఎవరికీ చెప్పేవాళ్ళు కాదు. సొంతవాళ్ళని తోసుకొస్తున్నారని ఆరోపణలొచ్చాయి, అకాడమీ సీఈఓగా చేసినావిడే 2020లో ఆ మాటంది, ఆ తర్వాత ద వీకెండ్ రగడ, 2021లో చాలా కేటగిరీలకి ఆ కమిటీలు ఎత్తేశారు. నా ఉద్దేశంలో రోగం గోప్యతలో ఉంది, తీసేసింది మాత్రం వినడాన్ని.

సరే, జనానికే వదిలేస్తే సరిపోతుంది కదా అంటారా? యూరోప్ దేశాల పాటల పోటీ యూరోవిజన్ చూడండి. నాకు ఈ విషయంలో అంతకన్నా మంచి ప్రయోగశాల కనపడలేదు. ఒకే పోటీ, ఒకే స్టేజీ, అవే పాటలు, సగం మార్కులు ప్రతి దేశంలోని ప్రొఫెషనల్ జ్యూరీవి, సగం ఇంట్లో కూచున్న ప్రేక్షకులవి. 2009 నుంచి ఫైనల్‌కి ఇదే పద్ధతి. 2023లో ఏమైందంటే, ఫిన్లాండ్ నుంచి కారియా అని ఒకతను వచ్చాడు, పచ్చ రంగు పొట్టి జాకెట్టేసుకుని సగం ర్యాప్ సగం మెటల్ పాటొకటి అరిచి పాడాడు, హాలు మొత్తం అతని పాటే అరుస్తోంది. జనం అతనికి 376 పాయింట్లిచ్చారు. జ్యూరీలు 150. స్వీడన్ నుంచి లొరీన్‌కి జ్యూరీలు 340, జనం 243. కలిపితే లొరీన్ గెలిచింది, 583కి 526. తర్వాతి ఏడాది కూడా ఇదే తంతు, జనం క్రొయేషియా అన్నారు, జ్యూరీలు స్విట్జర్లాండ్ అన్నారు, స్విట్జర్లాండ్ గెలిచింది. 2016లో అయితే ఇంకా తమాషా, జ్యూరీల ఫస్ట్ ఆస్ట్రేలియా, జనం ఫస్ట్ రష్యా, గెలిచింది రెండిట్లోనూ ఫస్ట్ రాని ఉక్రెయిన్.

2023 రిజల్ట్ మీద చాలామంది జ్యూరీలని తిట్టారు. నాకు లొరీన్ పాట నచ్చింది, గొంతు మీద ఆవిడకున్న పట్టు మామూలుది కాదు. కానీ ఒక సంగతి మర్చిపోకూడదు, ఆవిడ 2012లో ఒకసారి గెలిచేసిన మనిషి. జ్యూరీలో కూచున్న ప్రతివాళ్ళకీ ఆ పేరు తెలుసు, ఆ రకం పాట ఎలా ఉంటే బాగున్నట్టో కొలత వాళ్ళ దగ్గర రెడీగా ఉంది. కారియా పాటకి వాళ్ళ దగ్గర కొలతే లేదు.

ఎక్స్‌పర్టుల చెవి గురించి ఒక విషయం చెప్పాలి, ఇది తెలిసిన దగ్గర్నుంచి నేను ఏ పోటీ రిజల్టునీ పాత కళ్ళతో చూడలేకపోతున్నా. బ్రసెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ అని పెద్ద పియానో, వయొలిన్ పోటీ ఉంది. ఫైనల్స్‌కి 12 మంది, రోజుకిద్దరు చొప్పున ఆరు రాత్రులు వాయిస్తారు. ఎవరు ఏ రోజు వాయించాలన్నది లాటరీ తీసి నిర్ణయిస్తారు, అంటే ప్రతిభకీ ఆ వరసకీ ఏ సంబంధం ఉండకూడదు. విక్టర్ గిన్స్‌బర్గ్ అనే ఎకనామిస్టు, ఇంకొకాయనా కలిసి చాలా ఏళ్ళ రిజల్ట్స్ తిరగేస్తే తేలిందేంటంటే మొదటి రోజు వాయించినవాళ్ళు పై ర్యాంకుల్లోకి రావడం తక్కువ, తర్వాతి రోజుల్లో వాయించినవాళ్ళకి మార్కులు మెరుగు. ఎందుకలా? ఈ పోటీ కోసమే కొత్తగా రాయించిన ఒక కాన్సెర్టో ఫైనలిస్టులందరూ వాయించాలి. అది జ్యూరీకి కూడా కొత్తదే. మొదటి రాత్రి జ్యూరీకే ఆ సంగీతం కొరుకుడు పడదు, రోజులు గడిచేకొద్దీ చెవికి అలవాటైపోయి, అదే ముక్క వినసొంపుగా అనిపించడం మొదలెడుతుంది. పేర్లతో పనిలేదు, ఫ్యాన్స్ లేరు, అమ్మకాలు లేవు, కూచున్నది ప్రపంచ ప్రఖ్యాత విద్వాంసులు, అయినా పరిచయం తన పని తాను చేసుకుపోయింది. దీనికి కొసమెరుపు కూడా ఉంది. ఆ ర్యాంకుల్ని బట్టే తర్వాత వాళ్ళ కెరీర్లు నడిచాయి, రికార్డింగులు, విమర్శకుల మెప్పు అన్నీ. లాటరీలో మంగళవారం బదులు శుక్రవారం వచ్చిందన్న అదృష్టం జీవితాంతం వడ్డీ తెచ్చిపెడుతోంది.

ఇంకో ప్రయోగం, 2013లో అచ్చయింది. చియా జంగ్ సే అని ఒక పరిశోధకురాలు, స్వయానా పియానిస్టు, అంతర్జాతీయ క్లాసికల్ పోటీల్లో మొదటి మూడు స్థానాలవాళ్ళ క్లిప్పులు తీసుకుని జనానికిచ్చి వీళ్ళలో ఎవరు గెలిచారో చెప్పమంది. కొందరికి శబ్దం మాత్రమే, కొందరికి శబ్దం లేని వీడియో మాత్రమే. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి కరెక్టవ్వాలి. శబ్దం మాత్రమే విన్నవాళ్ళు ఆ గుడ్డిలెక్క కూడా దాటలేదు. మ్యూట్ చేసిన వీడియో చూసినవాళ్ళు దాదాపు సగం సార్లు కరెక్టుగా చెప్పారు. ప్రొఫెషనల్ మ్యుజీషియన్లు కూడా అంతే! అంటే ఆ జ్యూరీలు ఇచ్చిన తీర్పుల్లో కంటికి కనపడిన ఊపు వాటా చెవికి వినపడిన సంగీతం వాటాకన్నా తక్కువేం కాదన్నమాట.

మరి జనాదరణైనా నికార్సైందా? దాన్నీ కొలిచారు. 2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అని ముగ్గురు పరిశోధకులు ఎవరికీ తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని ఆన్‌లైన్లో పెట్టారు, 14 వేల మందికి పైగా వచ్చి విన్నారు, నచ్చినవి డౌన్‌లోడ్ చేసుకున్నారు. కొంతమందికి పాటలు మాత్రమే చూపించారు. మిగతావాళ్ళని ఎనిమిది వేర్వేరు గుంపులు చేసి, మీ గుంపులో ఏ పాట ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో ఆ అంకె కూడా పక్కన చూపించారు. అంకె కనపడేసరికి హిట్లు మరీ పెద్ద హిట్లయిపోయాయి, ఫ్లాపులు మరీ ఫ్లాపులైపోయాయి. అసలు విడ్డూరం ఏంటంటే ఎనిమిది గుంపుల్లో ఎనిమిది రకాల హిట్లు. అంకెలు చూడనివాళ్ళ లెక్కలో 26వ స్థానంలో ఉన్న ఒక మధ్యరకం పాట ఒక గుంపులో నంబర్ వన్, ఇంకో గుంపులో 40వది. బాగా మంచి పాటలు అడుక్కి పోవడం, బాగా చెత్తవి పైకి రావడం అరుదే, అది ఒప్పుకోవాలి. మధ్యలో ఉన్న పెద్ద గుంపంతా మాత్రం మొదట ఎవరు క్లిక్ చేశారన్నదాన్ని బట్టి పోయింది. ఇక స్ట్రీమింగ్ నంబర్లు చూపించి జనం తీర్పు ఇదీ అంటే నేనెలా నమ్మేది, మొదటి వెయ్యిమంది తీర్పుని మిగతా కోటిమంది కాపీ కొట్టడమే కదా చాలావరకు.

ఫ్యాన్ ఓటింగ్ అయితే అది పాపులారిటీని కూడా కొలవదు, ఓపికని కొలుస్తుంది. 1999లో ఇంగ్లండు వాళ్ళ బ్రిట్ అవార్డుల్లో కొత్త బ్యాండ్ ప్రైజు జనం ఓట్లకి వదిలితే చార్టుల్లో దూసుకుపోతున్న స్టెప్స్ ఓడిపోయి, బెల్ అండ్ సెబాస్టియన్ అనే చిన్న బ్యాండ్ గెలిచింది. కాలేజీ పిల్లలు కొందరు ఇంటర్నెట్లో కూచుని ఓట్లు గుద్దారని పెద్ద రభస. అయినా అమెరికన్ మ్యూజిక్ అవార్డ్స్ లాంటివాటి మీద నాకు కోపం లేదు. ఫ్యాన్స్ ఓట్లేస్తారు, ఎక్కువొచ్చినవాళ్ళకి ఇస్తాం అని బోర్డు పెట్టి మరీ ఇస్తారు. బిల్‌బోర్డ్ వాళ్ళు చార్టు అంకెలు చూసి ఇస్తారు. 2021లో బీటీఎస్‌కి అమెరికన్ మ్యూజిక్ అవార్డ్స్‌లో ఆర్టిస్ట్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది, ఎవరూ కిక్కురుమనలేదు. నాకు చిరాకెక్కడంటే లోపల పరిచయాన్ని కొలుస్తూ పైన శ్రేష్ఠత అని బోర్డు పెట్టుకున్నచోట.

మిల్లీ వనిల్లీ అనే పాప్ జంట సంగతి అందరికీ తెలిసిందే. 1990 ఫిబ్రవరిలో కొత్త ఆర్టిస్టు గ్రామీ ఇచ్చారు, నవంబరుకల్లా ఆ ఇద్దరూ ఆల్బమ్‌లో ఒక్క ముక్క పాడలేదని బయటపడి వెనక్కి తీసుకున్నారు. అందరూ దీన్ని ఆ ఇద్దరు కుర్రాళ్ళ మోసంగా చెప్పుకుంటారు, నడిపించిన ప్రొడ్యూసర్ ఫ్రాంక్ ఫేరియన్ పేరు మాత్రం తర్వాత గుర్తొస్తుంది. నాకు ఇందులో వేరే పాయింటు కనిపిస్తుంది. ఓటర్లకి నచ్చింది పాటే అయితే, ఆ గొంతే అయితే, ఆ గొంతు ఎక్కడికీ పోలేదు కదా? పాడినవాళ్ళు ఉన్నారు, పేర్లు కూడా బయటికొచ్చాయి, బ్రాడ్ హోవెల్, జాన్ డేవిస్, చార్ల్స్ షా. రికార్డు మారలేదు, అందులో ఒక్క స్వరం కూడా మారలేదు. మరి ఆ ప్రైజు తీసుకెళ్ళి వాళ్ళకెందుకివ్వలేదు? రూల్స్ ప్రకారం అవార్డు ఆర్టిస్టుకి, పాటకి కాదు అంటారు, సరే. అయితే ఓటు పడింది పోస్టరు మీద కనపడిన ఇద్దరు అందగాళ్ళకే అని ఒప్పుకున్నట్టే కదా. ప్రైజు ఖాళీగా మిగిలిపోయింది, అదే ఏడాది లిస్టులో ఉన్న ఇండిగో గర్ల్స్‌కో సోల్ టు సోల్‌కో కూడా ఇవ్వలేదు.

పరిచయం సంగతి అందరికన్నా బాగా అర్థం చేసుకున్నది లతా మంగేష్కర్ అనుకుంటా. ఫిలింఫేర్‌లో గాయనీగాయకులకి అసలు అవార్డే లేని రోజుల్లో పట్టుబట్టింది ఆవిడే, అవార్డు పెట్టాక మొదటిది గెలిచింది ఆవిడే, నాలుగుసార్లు తీసుకున్నాక ఇక నాకొద్దు, కొత్తవాళ్ళకివ్వండి అన్నదీ ఆవిడే. ఓటేసేవాడు ఆ పేరు చూడగానే ఇంకో పేరు దాకా వెళ్ళడని ఆవిడకి తెలిసినట్టుంది.

ఇక రెహమాన్ ఆస్కార్లు. 1992లో 'రోజా' దగ్గర్నుంచి ఆ మనిషి ఏం చేశాడో మనకి తెలుసు, 2009లో ఆస్కార్లు రెండు వచ్చినప్పుడు ఇంతకన్నా గొప్పవి ఎన్ని చేశాడో అని అనుకోనివాళ్ళెవరు. కానీ అవేవీ ఆ ఓటర్ల చెవిదాకా పోలేదు, బ్రిటిష్ డైరెక్టర్ సినిమా ఒకటి మోసుకెళ్ళింది. 2023లో 'నాటు నాటు'కి వచ్చినప్పుడూ అంతే, పాట దుమ్ములేపింది నిజమే, అయితే అమెరికాలో సినిమాని మళ్ళీ థియేటర్లలో వేసి, అక్కడి జనం లేచి గంతులేసేదాకా తీసుకెళ్ళిన ప్రచారం కూడా ఉంది. అది తప్పని నేననను. కీరవాణికి వచ్చిందని అందరిలాగే గంతులేశాను. అలాంటి ప్రచారానికి దిక్కులేని గొప్ప పాటల సంగతేంటి అన్నదే నా బాధ.

మరి ఏ పద్ధతి మంచిది అని ఎవరైనా నిలదీస్తే, నేను చిన్న జ్యూరీ వైపే. పేర్లు అందరికీ తెలియాలి, కూచుని మొత్తం వినాలి, కొట్టుకోవాలి. వాళ్ళూ తప్పులు చేస్తారు, చేశారు. 1965లో అమెరికాలో పులిట్జర్ ప్రైజు సంగీతం జ్యూరీ జాజ్ దిగ్గజం డ్యూక్ ఎలింగ్టన్‌కి ప్రత్యేక గౌరవం ఇద్దామంటే పైనున్న బోర్డు కుదరదంది. జ్యూరీలో ఇద్దరు రాజీనామా చేసి బయటికొచ్చారు. 66 ఏళ్ళ ఎలింగ్టన్, విధికి నా మీద దయ ఉంది, మరీ చిన్నవయసులో నేను ఫేమస్ అవ్వడం దానికిష్టం లేదు అని ఊరుకున్నాడు. 1999లో ఇచ్చారు చివరికి, అప్పటికి ఆయన పోయి పాతికేళ్ళు. (చనిపోయినవాళ్ళని గౌరవించడంలో గ్రామీలూ తక్కువేం తినలేదు, జిమీ హెండ్రిక్స్‌కి 1992లో, బాబ్ మార్లీకి 2001లో లైఫ్‌టైమ్ అచీవ్‌మెంట్ ఇచ్చారు, బతికుండగా ఇద్దరికీ ఒక్కటీ రాలేదు.) అదే పులిట్జర్ 2018కి వచ్చేసరికి కెండ్రిక్ లమార్ ర్యాప్ ఆల్బమ్‌కి ఇచ్చింది. ముందొచ్చిన ఎంట్రీల్లో అది లేదు. హిప్ హాప్ ప్రభావం ఉన్న వేరే ముక్కొకటి వింటూ, దీని ప్రభావం ఉన్నదాన్ని వింటున్నాం, దాన్నే ఎందుకు వినకూడదు అని జ్యూరీలో మాటొచ్చి, ఆల్బమ్ తెప్పించుకుని విన్నారు. వేలమంది ఓటర్ల బ్యాలెట్‌లో ఇలాంటి మలుపు రాదు, ఒక గదిలో కొద్దిమంది కూచుంటేనే వస్తుంది. అదే కెండ్రిక్ 2014 గ్రామీల్లో ర్యాప్ ఆల్బమ్ అవార్డు మాక్లమోర్‌కి పోగొట్టుకున్నాడు, గెలిచినతను ఆ రాత్రే నీకు అన్యాయం జరిగిందని కెండ్రిక్‌కి మెసేజ్ పెట్టి, దాన్ని లోకానికీ చూపించాడు.

వార్సాలో 1980 షోపాన్ పియానో పోటీ కూడా నాకు ఇష్టమైన కథే. ఇవో పోగోరెలిచ్ అనే కుర్రాడు తన ఇష్టమొచ్చినట్టు షోపాన్‌ని వాయిస్తే మూడో రౌండులో తీసేశారు. జ్యూరీలో ఉన్న మార్తా అర్గెరిచ్, ఆ అబ్బాయి జీనియస్ అనేసి లేచి వెళ్ళిపోయింది. ఆ ఏడాది గెలిచిన డాంగ్ థాయ్ సన్ కూడా మహా పియానిస్టే, అది వేరే సంగతి. ఇక్కడ నాకు నచ్చేదేంటంటే, ఎవరు ఎవరితో విభేదించారో, ఎందుకు లేచిపోయారో మనకి పేరుతో సహా తెలుసు. ఇంగ్లండులో మెర్క్యురీ ప్రైజు 1994లో బ్లర్, పల్ప్, ప్రాడిజీలని కాదని ఎం పీపుల్‌కి ఇచ్చినందుకు ఇప్పటికీ తిడతారు, తిట్టడానికి కనీసం ఒక ప్యానెల్ ఉంది. జెత్రో టల్‌కి ఓటేసింది ఎవరో ఎవరికి తెలుసు?

ఇప్పుడు నేను గ్రామీలని ఎలా వాడుకుంటానంటే, టీవీలో వచ్చేదాన్ని షోగా చూస్తాను, అది షోయే. 90కి పైగా కేటగిరీలుంటే రాత్రి టీవీలో ఇచ్చేవి పది పన్నెండు, మిగతావన్నీ మధ్యాహ్నమే ఇచ్చేస్తారు. నాకు పనికొచ్చేవి ఆ మధ్యాహ్నంవే, అదీ విజేతలు కాదు, నామినేషన్ల లిస్టు. పెద్ద పేర్లు దూరని కేటగిరీల్లో, ఆ సంగీతంలోనే బతికేవాళ్ళు ఓటేసేచోట, నేను జన్మలో వినని అయిదు పేర్లు దొరుకుతాయి, ఒక నెల గడిచిపోతుంది. అందుకే 2011లో కేటగిరీలని 109 నుంచి 78కి కోసేసినప్పుడు లాటిన్ జాజ్ వాళ్ళు అంత గొడవ చేశారు, గొడవ చేసి తమ కేటగిరీ వెనక్కి తెచ్చుకున్నారు కూడా.

సినిమా ఆస్కార్ల వాళ్ళు 2025లో ఒక రూలు తెచ్చారు, ఒక కేటగిరీ ఫైనల్ ఓటింగ్‌లో ఓటెయ్యాలంటే అందులో నామినేటైన సినిమాలన్నీ చూసి తీరాలి. అబద్ధం చెప్పేవాళ్ళు చెప్తారు, దారులు వెతుక్కుంటారు, అయినా రూలంటూ పెట్టారు. రెండున్నర గంటల సినిమాలు వరసపెట్టి చూడమని అడగ్గా లేంది, నలభై నిమిషాల ఆల్బమ్‌లు ఎనిమిది విని ఓటెయ్యమని సంగీతం వాళ్ళని అడగడానికి అడ్డేంటో నాకైతే అర్థం కాదు.